చప్పుడు మింగే పలకలు

వడ్రంగి ఒక్క గంటలో వస్తానని చెప్పి మరమేకులు తేవడానికి వెళ్లాడు. వడ్రంగి గంటంటే ఏమిటో ఈ పదకొండు రోజుల్లో ఆమెకు బాగానే తెలిసొచ్చింది, దానికీ గడియారానికీ ఏ సంబంధమూ లేదు, పొద్దున పదింటికి అన్నవాడు మధ్యాహ్నం మూడింటికి వచ్చి ఇదిగో వచ్చేశానమ్మా అంటాడు, పైగా తొందరంతా మనదే అయినట్టు ఒక నవ్వు నవ్వుతాడు. కానీ ఇవాళ మటుకు చెప్పిన వేళకే వచ్చి తీరతాడు, ఎందుకంటే ఇవాళ అతను రాకపోతే బావుండునని ఆమె అనుకుంటోంది, ఈ ఇంటి జాతకమే అంత. ఆమె మొన్నటిదాకా వంటగదిగా ఉన్న చోట, బోర్లించిన రంగు డబ్బా మీద, ఒళ్లో గరిటె పెట్టుకుని కూర్చుంది. పొయ్యి లేదు, గట్టు లేదు, కుళాయి ఉన్నచోట గోడలోంచి పైపు ఒకటి నాలుక బయటపెట్టినట్టు వేలాడుతోంది, గరిటె మాత్రం ఉంది. పొయ్యి పడకగదిలో బీరువా పక్కన కాపురం పెట్టింది, గిన్నెలు స్నానాలగదిలో తోముకోవడం, దిండ్లకు ఉల్లిపాయ వాసన, నిన్న ఆయన నిద్రలో మాడుతోంది మాడుతోంది అని కలవరించారు, ఏం మాడుతోందో ఆయనకేం తెలుసు, మాడుతున్న మనిషి పక్కనే పడుకుని ఉంది.

ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు, కట్టిన ఇల్లు విప్పి చూడు అని ఎవరూ అనలేదు, అనడానికి వాళ్లెవరూ ఆ పని చేసి బతికి బట్టకట్టి ఉండరు. పద్నాలుగు ఇళ్లు ఈ వరసలో, పద్నాలుగు ఇళ్లకు కలిపి పదిహేనే గోడలు, కట్టినవాడు మహా పొదుపరి, ఒకడి వీపు ఇంకొకడికి ఆనించి రైలు పెట్టెల్లా నిలబెట్టి పోయాడు. వెలుతురు ముందునుంచి రావాలి, లేదా వెనకనుంచి రావాలి, నడిమి గది ఎప్పుడూ సాయంత్రమే. పంతొమ్మిదేళ్లు ఆ సాయంత్రంలో బట్టలు మడతపెట్టిన మనిషి, పంటి డాక్టరు దగ్గర తన వంతు కోసం కూర్చుని, పన్ను సలుపుతూ ఉండగా, ఒక రంగుల పుస్తకంలో ఒక ఇల్లు చూసింది. ఇంటి నడుమ ఆకాశం, ఆకాశం కింద చెట్టు, చెట్టు కింద రాయి, రాయి మీద ఒకావిడ కాళ్లు చాపుకుని కాఫీ తాగుతోంది. ఆవిడ గిన్నెలు ఎవరు తోముతున్నారో ఆ బొమ్మలో లేదు. పన్ను పీకించుకుని ఇంటికొచ్చి, పత్తి కొరుకుతూనే, మనిల్లు కూడా అలా చేయించుకుందాం అని ఆయనకు కాగితం మీద రాసి చూపించింది. ఆ ఒక్క పూటే నోరు మూసుకుని ఉండాల్సింది, అదీ చేత్తో రాసి మరీ చెప్పింది. కాబట్టి ఎవర్నని లాభం లేదు. కొరివితో తల గోక్కుంది, అంతే, ఇప్పుడు జుట్టు కాలిందని కూర్చుంటే వడ్రంగి వచ్చి దువ్విపెడతాడా.

ప్రకృతి వస్తుందన్నారు ఇంట్లోకి. వచ్చింది మటుకు దుమ్ము. అది కూడా ప్రకృతే అని ఆయన అనగలరు, ఆయనకు ఈ మధ్య అన్నీ ప్రకృతిలాగే కనిపిస్తున్నాయి. నడిమి గది కప్పుకు కంత పెట్టారు, ఆకాశం వస్తుందని. ఆకాశానికి అద్దం ఇంకా రాలేదు, నీలం పట్టా కప్పారు, కాబట్టి ప్రస్తుతానికి నడిమి గదిలో సాయంత్రం పోయి నీలం సాయంత్రం వచ్చింది. పట్టా మీద ఒక పావురం కాళ్లు టకటకలాడిస్తూ తిరుగుతుంటుంది, ఆ ఒక్క ప్రాణిని చూసి ఆయన మురిసిపోయి, చూశావా అప్పుడే పిట్టలు రావడం మొదలుపెట్టాయి అన్నారు. హాలుకూ వంటింటికీ మధ్య గోడ పోయింది, తలుపు పోయింది. గాలి నడవాలట. గాలికి నడక నేర్పడానికి ఆమె కూర్చునే మూల తీసేశారు. నేల మీద గులకరాళ్లు పరిచి దారి వేశారు, ఏటి ఒడ్డున నడిచినట్టుంటుందట, మొదటిరోజే ఆయన బొటనవేలు ఏటి ఒడ్డున పగిలింది. ఇక గోడకు పెట్టే నాచు. నీళ్లక్కర్లేదు ఆంటీ, ఎండక్కర్లేదు, పెరగదు, చావదు అంది డిజైనరమ్మాయి. పెరగనిదీ చావనిదీ పచ్చగా ఉండేదీ ఏమిటో పొడుపుకథలా అనిపించి ఆమె తలూపింది. పెరట్లో నిజంగానే పెరుగుతున్న నాచును మాత్రం నిన్న ఒకతను ఇనుప బ్రష్షుతో గీకి పారేశాడు, అది ప్రకృతి కాదట, తేమ.

ఎన్నయింది. చేతి గడియారం స్నానాలగదిలో గిన్నెల మధ్య ఎక్కడో ఉంది. పది అయి ఉంటుంది, పదీ పది అయి ఉంటుంది. వీధిలో చెత్తబండి వెనక్కి నడుస్తూ కీకీమంటోంది, అది పది తరవాతే వస్తుంది.

ఎదురుగా గోడ. ప్లాస్టరు రాల్చేస్తే ఇటుకలు బయటపడ్డాయి, వయసులో ఎర్రగా ఉండేవేమో, ఇప్పుడు పాత కారప్పొడి రంగు. గోడ పొడుగునా చెక్క చట్రం బిగించేశాడు వడ్రంగి, నిలువు కర్రలు, అడ్డకర్రలు, జైలు కిటికీలా. పక్కనే పేర్చి ఉన్నాయి పలకలు, కొలత ప్రకారం కోసి, వెనకాల బెండు అంటించి, ముందు సన్నటి కొయ్య గీతలు గీతలుగా, వాసన బావుంది, అబద్ధం ఆడటం దేనికి, కొత్త కొయ్య వాసన నిజంగానే అడివిలా ఉంది. వాటి మీద చెయ్యి వేస్తే చెయ్యి వేసిన చప్పుడు కూడా రాదు. చప్పుడు మింగే పలకలమ్మా ఇవి అన్నాడు వడ్రంగి గొప్పగా, తన కడుపున పుట్టినట్టు. అవతల డప్పు కొట్టినా ఇవతల చీమకి కూడా వినపడదు. అవతల డప్పు కొట్టేవాళ్లు ఎవరున్నారు నాయనా, అవతల ఉన్నది గోడక్క.

గోడక్క అని పేరు పెట్టింది కూతురు, ఇప్పుడు హాస్టల్లో ఉండి మూడు నెలలకోసారి మొహం చూపిస్తోంది కానీ, అప్పుడు దానికి నాలుగేళ్లు, గోడ మాట్లాడుతుందని నమ్మేది. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ ఒక తీగలోంచి ఇంకో తీగలోకి కలిపిన మనిషి గోడక్క. రిటైరయ్యాక చేతికి సెల్‌ఫోన్ ఇస్తే దాన్ని బీరువాలో స్విచ్చాపి పెట్టింది, ఎందుకక్కా అంటే ఎవరైనా చేస్తారేమోనని అంది. వాళ్ల వంటగదీ వీళ్ల వంటగదీ ఈ గోడకే అటొకటి ఇటొకటి. వచ్చిన కొత్తలో ఒకరోజు ఆమె గరిటె కాడ గోడకు తగిలింది, అటునుంచి ఠక్కున ఒక దెబ్బ జవాబు వచ్చింది. అంతే. ఒప్పందం ఎవరూ రాసుకోలేదు, దానంతట అది కుదిరింది. పొద్దున ఒక దెబ్బ: లేచాను, ఉన్నాను. రెండు దెబ్బలు: పెరటి గోడ దగ్గరికి రా, మాటుంది. మూడు మాత్రం వేరు. మూడు అంటే ఉన్నపళంగా రా, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి రా. మూడు ఊరికే కొట్టకూడదు, అది ఒట్టు. ఎక్స్‌ఛేంజిలో అత్యవసరం కాల్ అని ఉండేదట, అబద్ధం చెప్పి ఆ కాల్ అడిగినవాడి గొంతు గోడక్క జన్మలో మరిచిపోదట, తరవాత వాడు ఎంత మామూలు కాల్ అడిగినా లైన్లో ఉండండి అని అరగంట ఉంచేదట.

ఒక దెబ్బకు పంతొమ్మిదేళ్లు. ఎన్ని పొద్దులో. అటునుంచి దెబ్బ రాకపోతే కాఫీ దిగేది కాదు. ఆయనకు ఈ సంగతి తెలియదు, తెలియదంటే ఎవరూ దాచలేదు, ఆయన అడగలేదు. గోడలో పైపుల్లో గాలి పట్టింది అనుకున్నారు ఆయన. పంతొమ్మిదేళ్లుగా అదే అనుకుంటున్నారు. ఇద్దరు ప్లంబర్లను పిలిపించారు కూడా, ఒకడు గోడకు చెవి పెట్టి, సరిగ్గా అప్పుడే అటునుంచి రెండు దెబ్బలు పడితే, అవును సార్ గాలే అన్నాడు. ఆ రోజు పెరటి గోడ దగ్గర ఇద్దరూ నవ్వి నవ్వి, గోడక్క కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, నేను గాలినటే, ముప్పై ఏళ్లు సర్వీసు చేసి చివరికి గాలినయ్యాను అంది.

తను వేసే జోకులకు నవ్వే మనిషి ఈ భూమ్మీద ఆ ఒక్కతే. ఆయనకు జోకు చెప్తే మర్నాడు మధ్యాహ్నం ఆఫీసులో అర్థమవుతుంది, అక్కడినుంచి ఫోన్ చేసి, నువ్వు నిన్న అన్నది అందుకా అంటారు. కూతురు నవ్వదు, కూతుళ్లు తల్లుల జోకులకు నవ్వకూడదని వాళ్ల కాలేజీలో పాఠం ఉన్నట్టుంది. అందుకే కదా ఇదంతా వచ్చింది. అందుకే. ఆ డిజైనరమ్మాయి మొదటిరోజు వచ్చి, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, చెప్పండి ఆంటీ, ఈ ఇంట్లో మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేదేంటి అంది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా. డిగ్రీ చదువుకున్నది బుర్రలో ఎక్కడో మడతపెట్టి ఉంది, ఆ మడత విప్పి దులిపినట్టయింది. చీకటి అంది, మెట్లు అంది, ఆ పిల్ల రాసుకుంటోంది, ఇంకా ఆంటీ ఇంకా అంటోంది. ఆ ఊపులో అనేసింది: గోడలు ఎంత పల్చనంటే తల్లీ, పక్కింటావిడ తుమ్మితే మా ఇంట్లో నిండు నూరేళ్లు అనాల్సొస్తోంది. పిల్ల పకపకా నవ్వింది. నవ్వింది! పళ్లు కనపడేట్టు, వెంటనే, అక్కడికక్కడే. అంత తొందరగా నవ్వితే ఎవరు ఆగుతారు. ఇంకో నాలుగు వేసింది గోడ మీద, పక్కింటి గిన్నెల మీద, ఆవిడ రేడియో మీద, సంతలో బేరం దొరికినట్టు ఉన్నవన్నీ తీసి పరిచింది. ఆ పిల్ల నవ్వుతూనే రాసుకుంది. నవ్వుతూ రాసేవాళ్లను నమ్మకూడదని ఎవరైనా ముందే చెప్పి ఉంటే.

వారం తరవాత ఆ కాగితం వచ్చింది, పెద్ద కాగితం, గుండ్రటి అక్షరాలు, పైన 'మీ ఇల్లు, మీ మాటల్లో' అని. పనివాళ్లందరికీ తెలియాలని తెచ్చి ఈ గోడకే, ఈ ఇటుకలకే అంటించింది. నాలుగోది: పక్కింటావిడ తుమ్మితే మా ఇంట్లో నిండు నూరేళ్లు అనాల్సి వస్తోంది. దాని కింద చిన్నగా, పరిష్కారం: గోడకు చప్పుడు మింగే పలకలు. అయిదోది ఆయనది: గోడలో పైపుల మోత భరించలేకుండా ఉంది. పరిష్కారం: పైదే. నాలుగూ అయిదూ ఒకే మనిషని ఆ కాగితానికి తెలియదు. చదివి నవ్వొచ్చింది ఆమెకు ముందు. ఇది గోడక్కకు చెప్పాలి అనుకుంది, చూడు, అలవాటు అలాంటిది, కాలిన చెయ్యినే చాపి అడుగుతుంది మనిషి వెన్న.

చెప్పే పని పడలేదు. ఎనిమిది రోజుల కిందట, వంటగది పగలగొట్టేశారు కదా పాపం కాఫీకి ఇబ్బందిగా ఉంటుందని, ఫ్లాస్కు నిండా కాఫీ పట్టుకుని గోడక్కే వచ్చింది. గోడ చూద్దామని దగ్గరికెళ్లింది, ఇటువైపునుంచి ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదే అంటూ. కళ్లజోడు సర్దుకుంది. ఆమె చేతిలో గ్లాసులు, కాళ్లు గులకరాళ్ల మీద, అరే ఆ కాగితం తీసేయలేదే అని తట్టేసరికి గోడక్క నాలుగు దాటి అయిదులో ఉంది. ఎంతసేపు చదివిందో. అయిదు వాక్యాలకు అంతసేపా. తరవాత అంది, అక్షరం బావుంది. ఫ్లాస్కు డబ్బా మీద పెట్టి వెళ్లిపోయింది. అక్షరం బావుంది! తిట్టినా బావుండేది. మర్నాడు పొద్దున ఆమె ఒక దెబ్బ కొట్టింది. గోడ గోడలాగే ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడోరోజు ఫ్లాస్కు కడిగి తుడిచి పట్టుకుని వాళ్ల గుమ్మంలోకి వెళ్లింది, దారంతా మాటలు కూర్చుకుంటూ. గోడక్క తలుపు సగం తీసి, ఉంచండి, మీకు పని అయ్యేదాకా అవసరం అంది. మీరు, అంది. పంతొమ్మిదేళ్ల ఒసేయ్, ఏమే, నువ్వు, అన్నీ ఎక్కడ పోయాయో, గుమ్మంలో మీరు ఒక్కటే నిలబడి ఉంది, ఇస్త్రీ చీర కట్టుకుని. దుమ్ములో నిలబడతారెందుకు, వెళ్లండి. ఆ మీరు చెంప మీద పడ్డ దెబ్బకన్నా చుర్రుమంది, ఫ్లాస్కు పట్టుకుని ఎలా వెళ్లిందో అలా వచ్చేసింది. మొహం మొహం చూసుకుని చెప్పుకునే అలవాటు వాళ్లకు ఎప్పుడూ లేదు, కష్టమైనవన్నీ గోడ మీదుగానే నడిచాయి, ఇటు ఒకరు అటు ఒకరు, నడుమ ఇటుక ఉంటేనే నిజం బయటికొచ్చేది.

చెప్పకుండా ఊరుకుందా, చెప్పింది. పలకలు వద్దని ఆయనతో అంది. ఇప్పుడు ఒక్కటి మారిస్తే మొత్తం డిజైనుకే దెబ్బ, అయినా అడిగింది నువ్వేగా అన్నారు. అడిగింది తనే, అది ఈ ఇంట్లో ప్రతి వాక్యానికీ తోకలా తగిలిస్తారు ఇప్పుడు. ఎందుకొద్దో చెప్పు అన్నారు. గరిటెతో గోడ కొట్టుకుంటాం ఇద్దరం, ఆడవాళ్ల తంతి ఆఫీసు, అని ఎలా చెప్పడం, మర్నాడు మధ్యాహ్నానికి ఆయనకు అర్థమయ్యేలోపు పలకలు పడిపోతాయి. డిజైనరమ్మాయికి ఫోన్ చేస్తే, మొదట్లో అలాగే అనిపిస్తుంది ఆంటీ, నిశ్శబ్దానికి అలవాటు పడాలి, పిట్టల కూతలు సన్నగా వచ్చేట్టు స్పీకర్ పెడుతున్నాం కదా అంది. మనిషి చప్పుడు మూసేసి పిట్ట చప్పుడు తెచ్చి పెడతారు, పిట్టకు కరెంటు కనెక్షను.

ఫోన్ మోగింది, డబ్బా పక్కన దుమ్ములో. ఆయనే. ఆఫీసులో టీ వేళ.

"వడ్రంగి వచ్చాడా?"

"వస్తాడు."

"అది సరే కానీ, ఒకటి గమనించావా నువ్వు? వారం రోజులుగా పైపుల మోత బొత్తిగా లేదు. ప్లాస్టరు కొట్టేసరికి గాలి పోయినట్టుంది. నేను చెప్తూనే ఉన్నానా ఇన్నేళ్లూ?"

"చెప్తూనే ఉన్నారు."

"హాయిగా ఉంది కదూ?"

ఆమె ఫోన్ పెట్టేసింది. హాయిగా ఉంది. గాలి పోయింది. గాలి పోయింది అనే మాట ఎంత చల్లగా అన్నారు, ఆయన తప్పు కాదు, ఆయనకు తెలిసింది పైపు. గాలి పోయింది. ఒక్కసారిగా ఆ రోజు చప్పుడు చెవిలోకి వచ్చింది, గరిటె చప్పుడు కాదు, స్టీలు గ్లాసు చప్పుడు. మూడేళ్ల కిందట. పొద్దుటి ఒక దెబ్బ వచ్చి వెళ్లిపోయింది, కాఫీ అయిపోయింది, ఆయన వెళ్లిపోయారు, ఆమె ఏదో తరుగుతోంది, అప్పుడు మూడు. కానీ మూడు పడాల్సిన చోట పడలేదు, ఎప్పుడూ మోచేతి ఎత్తున పడేది, అది ఎక్కడో కింద, కాళ్ల దగ్గర, ఎలకలేమో అనుకుంది, ఎలకలు మూడు లెక్కపెట్టవు కదా అని ఇంకో క్షణానికి తట్టింది. పెరటి గోడ నడుమెత్తు, దాని మీదనుంచి ఎలా దూకిందో, పూలకుండీ పగిలింది, మోకాలు పగిలింది, వెనక తలుపు గడియ లేదు అదృష్టం. గోడక్క వంటింటి నేల మీద, తడిలో, ఒక కాలు తన కింద తనదే కానట్టు మడతపడి, చేతిలో గ్లాసు. ఆమెను చూడగానే అన్న మాట, కాల్ కలిసింది. అంబులెన్సు వచ్చేదాకా ఆ తడిలోనే పక్కన కూర్చుంది. ఇంకో గంటయితే ఏమయ్యేదో, అన్నాడు డాక్టరు, ఆ తరవాతి మాటలు ఆమె వినలేదు. దానికన్నా ముందు ఇంకోసారి, అప్పుడు కొట్టింది తను. కూతురికి రెండేళ్లు, గొంతులో పూస పడింది, బిడ్డ మొహం నీలం అవుతుంటే అరవడానికి నోరు రాలేదు, చేతికందిన గరిటెతో మూడు కొట్టింది, పిండి చేతులతో వచ్చిన గోడక్క పిల్లను కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద ఒకటి వేసింది. పూస నేల మీద దొర్లింది. పిల్ల వీపు మీద అయిదు వేళ్లూ పిండితో. పంతొమ్మిదేళ్లలో మూడు రెండేసార్లు పడింది. ఒక ప్రాణం ఇటు, ఒక ప్రాణం అటు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒక్కతే, సెల్‌ఫోన్ బీరువాలో. పలకలు పడ్డాక ఇంకోసారి జారిపడితే గ్లాసుతో ఎంతసేపు కొడుతుంది. చెయ్యి నొప్పెట్టేదాకా కొడుతుంది, ఇటు తను పిట్టల కూతలు వింటూ రాయి మీద కాళ్లు చాపుకుని కాఫీ తాగుతుంటుంది. ఛీ.

లేచి నిలబడింది. డబ్బా దొర్లింది. చట్రం కర్రల నడుమ చెయ్యి పెట్టి గరిటె కాడతో ఒకటి కొట్టింది. ఇటుక మీద కొడితే చప్పుడు వేరుగా ఉంది, ప్లాస్టరు లేక, ఎముక మీద కొట్టినట్టు. ఎదురుచూసింది. పట్టా మీద పావురం నడిచింది. రెండు కొట్టింది. అవతల ఉంది, తెలుస్తోంది, గిన్నె కదిలిన చప్పుడు, నీళ్లు కట్టేసిన చప్పుడు, వినపడుతున్నానని తెలిసేట్టుగా మరీ నిశ్శబ్దంగా ఉంది మనిషి, లైన్లో ఉంచింది. ఉంచు. ఎంతసేపు ఉంచుతావో ఉంచు. వీధి చివర స్కూటర్ ఆగింది, వడ్రంగి స్కూటరే, దానికి సైలెన్సర్ లేదు, ఇంటి నిండా నిశ్శబ్దం బిగిస్తాడు కానీ తన బండికి బిగించుకోడు. ఇక అయిదు నిమిషాలు. ఊరికే కొట్టకూడదు. ఒట్టు. ఊరికేనా ఇది? అవునేమో. కాదేమో. ఒట్టుకు రెండు వైపులా ఇద్దరం ఉన్నాం కదా, ఒకరం నోరు మూసుకుని కూర్చుంటే అది మాత్రం ఏ ఒట్టు.

కొట్టింది. ఒకటి. రెండు. మూడు.

అవతల ఏదో కిందపడింది. చెప్పుల చప్పుడు, ఒక చెప్పు చప్పుడే, వీధి తలుపు భళ్లుమంది. గోడక్క పెరటి గోడ ఎక్కలేదు, ఆ కాలితో ఎక్కలేదు కూడా, వీధి చుట్టి ముందు గుమ్మంలోంచి వచ్చింది, తడి తలకు తువ్వాలు, ఒక కాలికి చెప్పు, గులకరాళ్ల మీద తూలుతూ, చెయ్యి ముందుకు చాపి.

"ఏమైందే? ఎక్కడ పడ్డావు? కూర్చో, కదలకు, ఏమైంది చెప్పు!"

"చచ్చిపోతున్నానక్కా."

"ఏం? దేనికి? గుండెల్లోనా?"

"సిగ్గుతో."

గోడక్క చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తువ్వాలు జారి భుజం మీద పడింది. ఆమెను పైనుంచి కిందికి చూసింది, గరిటె చూసింది, దొర్లిన డబ్బా చూసింది.

"అయితే చావు. దానికి నన్ను పిలవాలా?" అంది. "మూడు కొడతావా నువ్వు? ఊరికే మూడు కొడతావా? నాకు ఇక్కడ ఊపిరి ఆగిపోయింది తెలుసా, సిగ్గులేని దానా!"

"సిగ్గు లేకపోతే చస్తానని ఎందుకంటాను."

గోడక్క మూతి ఒక పక్కకు పోబోయి ఆగింది, బలవంతంగా ఆపుకుంది. గుమ్మంలో వడ్రంగి మరమేకుల పొట్లం పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక, ఇద్దరు ఆడవాళ్ల మధ్య మగవాడు చూడదగ్గ ఒకే ఒక్క వస్తువు వెతుక్కుని పొట్లంకేసి చూస్తున్నాడు.

"ఆ కాగితం..." అంది ఆమె.

"కాగితం సంగతి నాకెందుకు. తుమ్ము జోకు బాగానే ఉంది." గోడక్క చెప్పు లేని కాలు ఇంకో కాలి మీద పెట్టుకుని నిలబడింది, రాళ్లు గుచ్చుకుంటున్నాయి. "పంతొమ్మిదేళ్లు నీ జోకులు ముందు నేను విన్నాను. ఇది ముందు వాళ్లకు చెప్పావు. గోడక్కను గోడకు అంటించి చదివించావు." వెనక్కి తిరిగింది. "ఇంకెప్పుడూ మూడు కొట్టకు. కొట్టినా రాను." రెండడుగులు వేసి మళ్లీ తిరిగింది. "ఈ రాళ్లేంటే తల్లీ, ఇల్లా ఇది, ఏటి ఒడ్డా?"

పోయింది. క్షమించినట్టు ఒక్క మాట లేదు. నువ్వు మాత్రం ఉంది, ఏమే ఉంది, సిగ్గులేని దానా కూడా ఉంది. ఆమె కళ్లు తుడుచుకోబోయి చేతికి ఇటుక పొడి అంటి ఉందని ఆగిపోయింది.

"మొదలెట్టనా అమ్మా?" అన్నాడు వడ్రంగి.

"ఇక్కడ వదిలెయ్యి మేస్త్రీ." మోచేతి ఎత్తున, రెండు కర్రల నడుమ, ఇటుక మీద అరచెయ్యి ఆనించి చూపించింది. "ఇంత మేర పలక వద్దు."

"డ్రాయింగులో లేదమ్మా."

"ఇప్పుడుంది." అతని చెవి మీది పెన్సిల్ తీసుకుని డ్రాయింగు మీద గుండ్రంగా చుట్టింది. అతను టేపు తీసి ఆమె అరచేతిని కొలిచాడు, ఇంత పొడుగు, ఇంత వెడల్పు, మొహంలో ఏ భావమూ లేకుండా రాసుకున్నాడు, అడివి మధ్యలో అరచేతంత పాత ఇటుక. ఆయనకు ఏం చెప్పాలి. గాలికని చెప్పాలి. గాలంటే ఆయన వెంటనే ఒప్పుకుంటారు. పలకలు ఒక్కొక్కటీ పడుతున్నాయి, కింది వరస ముందు, తరవాత పై వరస, పలక పడ్డచోటల్లా గది చెవిలో దూది పెట్టుకున్నట్టవుతోంది, వీధి దూరం జరిగింది, పావురం దూరం జరిగింది, మరమేకు తిరిగే చప్పుడు కూడా సగానికి వచ్చి ఆగిపోతోంది. ఆమె ఆ ఖాళీ దగ్గరే నిలబడింది, చెవి ఇటుకకు దగ్గరగా. ఒక్కటి వస్తే చాలు. ఉన్నాను అని. ఇవాళ కాకపోతే రేపు. కొట్టకూడదు తను, ఇక కొట్టే వంతు తనది కాదు.

వచ్చింది. కానీ ఖాళీలోంచి కాదు. ఎక్కడో, బెండు కిందనుంచి, వచ్చిందా రాలేదా అన్నట్టు, కాళ్ల దగ్గర. ఆమె వడ్రంగిని ఆపమని చెయ్యి ఎత్తింది. మళ్లీ. మెత్తగా, మూగగా, నేలకు జానెడెత్తున. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. గరిటె కాదు. స్టీలు గ్లాసు.

నిలబడి ఉన్న మనిషి అక్కడ కొట్టదు. గోడక్క అవతల, వంటింటి నేల మీద, ఆ కాలిని చాపుకుని కూర్చుని ఉంది, కావాలని కూర్చుని, పడినప్పుడు చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో అక్కడ కొట్టి చూస్తోంది. లైను పరీక్ష చేస్తోంది. మోచేతి ఎత్తు ఖాళీని తలుచుకుంటే ఆమెకు ఇప్పుడు మళ్లీ సిగ్గేసింది, క్షేమంగా నిలబడ్డవాళ్ల కోసం ఎంత బాగా వదిలించింది చోటు.

కూర్చుంది, దుమ్ములో, చీర సంగతి చూసుకోకుండా. ఒక పక్కకు ఒరిగి, చెయ్యి చాపి, ఎంత మేర అందితే అంత మేర, బిగించిన పలక మీద పెన్సిల్‌తో గీత పెట్టింది.

"మేస్త్రీ, ఈ పలక ఊడదియ్యి."

"ఇప్పుడే కదమ్మా బిగించాను! ఆరు మేకులు వేశాను." వడ్రంగి మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతను అటునుంచి ఇటునుంచి చూశాడు. "ఇంత కిందా? ఇక్కడ ఎవరికి కనపడుతుందమ్మా?"

"కనపడక్కర్లేదు. తియ్యి."

అతను గొణుక్కుంటూ మొదటి మేకు తిప్పాడు. ఆమె గరిటె కోసం నేల మీద తడుముతోంది.